ఫిజీ, సమోవా, టోంగా వెళ్లే ముందు పుస్తకాలు ఎంచుకోవడం: నా అనుభవం

పసిఫిక్ దీవుల మీద మంచి పుస్తకం ఒకటి చెప్పమని ఎవరైనా అడిగితే, ముందు ఏ దీవికి వెళ్తున్నారని అడుగుతాను. ఫిజీకీ సమోవాకీ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం ఉంది. భాషలు వేరు, ఏలిన దొరలు వేరు, భూమి చట్టాలు వేరు. హవాయి నుంచి పపువా న్యూగినీ దాకా అన్నిటినీ మూడొందల పేజీల్లో చుట్టేసిన పుస్తకం కొంటే, మీరు దిగబోయే దీవికి అందులో దక్కేది పది పన్నెండు పేజీలు. అవి కూడా కెప్టెన్ కుక్ వచ్చాడు, మిషనరీలు వచ్చారు, తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది అన్న దగ్గరే ఆగిపోతాయి. అందుకే టికెట్ ఖాయమయ్యాక, దిగే ఊళ్ల పేర్లు కాగితం మీద రాసుకుని ఆ పేర్లతోనే పుస్తకాలు వెతకడం మొదలుపెడతాను. ఇక్కడ చెప్పేదంతా ఫిజీ ప్రధానంగా, సమోవా, టోంగా పక్కగా ఉన్న ప్రయాణానికి సంబంధించినది. తెలుగువాళ్లకు ఫిజీతో రక్తసంబంధం ఉంది కాబట్టి ఎక్కువ మాట దాని గురించే.

పుస్తకం దొరికిందని వెంటనే చదవడానికి కూర్చోను. ముందు పది నిమిషాలు దాన్ని వెనక నుంచి ముందుకు తిరగేస్తాను. ఆన్‌లైన్ ప్రివ్యూలో కూడా ఇది చేయొచ్చు. మొదట చివర ఉన్న ఇండెక్స్. ఫిజీ పుస్తకమైతే గిర్మిట్ (చెరకు తోటల కూలి ఒప్పందం), భూమి లీజులు, 1987 సైనిక తిరుగుబాటు, ఈ మూడూ ఇండెక్స్‌లో ఉన్నాయా, ఒక్కోదానికి ఎన్ని పేజీ నంబర్లు ఉన్నాయో చూస్తాను. కుక్‌కు రెండు వరుసల నంబర్లుండి, చెరకు అన్న మాటకు ఒక్క నంబరే ఉంటే ఆ పుస్తకం ఎవరి కోసం రాశారో అర్థమైపోతుంది. తర్వాత కాపీరైట్ పేజీ. మొదటి ముద్రణ ఏ ఏడు, సవరించిన ముద్రణా, ఉత్త పునర్ముద్రణా? కొత్త అట్ట వేసిన పాత పుస్తకాలు ఈ అంశంలో చాలా ఉన్నాయి. ఫిజీలో 1987లో రెండు తిరుగుబాట్లు, 2000లో ఒకటి, 2006లో ఒకటి జరిగాయి. 2013లో కొత్త రాజ్యాంగం వచ్చింది. 2022 ఎన్నికల తర్వాత, 1987లో తిరుగుబాటు చేసిన సితివేని రబుకానే మళ్లీ ప్రధాని అయ్యాడు. పుస్తకం వీటిలో ఏ మలుపు దగ్గర ఆగిందో తెలుసుకుని చదివితే ఇబ్బంది లేదు. తెలియకుండా చదివితే, ఎప్పుడో ముగిసిన గొడవను నిన్నటిదనుకుని అక్కడివాళ్లతో మాట్లాడతాం.

పేర్లు కూడా ఈ తేదీలతో పాటే మారాయి. పాత పుస్తకాల్లో ఫిజియన్ అంటే మూలవాసి, ఇండియన్ అంటే చెరకు తోటలకు వచ్చినవారి సంతతి. 2010 నుంచి మూలవాసులను అధికారికంగా ఈతౌకేయి అంటున్నారు. 2013 రాజ్యాంగం పౌరులందరినీ ఫిజియన్లనే అంది. 1990ల నాటి పుస్తకంలోని వాక్యాన్ని ఇప్పుడు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

ఇక అసలు విషయం. 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి మొదటి గిర్మిట్ కూలీలను ఫిజీకి చేర్చింది. 1916లో సట్లెజ్ చివరి ఓడ. మొత్తం మీద 60,000 మందికి పైగా వెళ్లారు. మద్రాసు రేవు నుంచి జనాన్ని పంపడం 1903లో ఎల్బ్ అనే ఓడతో మొదలైంది. అలా దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లు దాదాపు 15,000 మంది, అంటే మొత్తంలో నాలుగోవంతు. వారిలో ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల వాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఒప్పందం 5 ఏళ్లకు, మగవాళ్లకు రోజుకు ఒక షిల్లింగు, ఆడవాళ్లకు 9 పెన్స్. 5 ఏళ్ల తర్వాత సొంత ఖర్చుతో తిరిగి రావచ్చు. ఉచిత ప్రయాణం కావాలంటే 10 ఏళ్లు ఉండాలి. మిగిలిపోయినవాళ్లు అలా మిగిలిపోయారు.

దీని మీద అందరూ మొదట చెప్పే పేరు బ్రిజ్ లాల్. ఫిజీలో లంబాసా దగ్గరి తాబియాలో పుట్టిన చరిత్రకారుడు. గిర్మిట్ కూలీ మనవడు. 1983లో వచ్చిన ఆయన 'గిర్మిటియాస్' ఈ రంగంలో పునాది పుస్తకం. అయితే తెలుగు పాఠకుడు ఒకటి గమనించాలి. ఆ పుస్తకం ఆధారపడింది కలకత్తా నుంచి వెళ్లిన 45,439 మంది ఎమిగ్రేషన్ పాసుల మీద. ఏ జిల్లా, ఏ కులం, ఏ వయసు, ఒంటరిగా వచ్చారా, కుటుంబంతోనా అన్న లెక్కలన్నీ ఉత్తరాది వాళ్లవి. మద్రాసు ఓడల్లో వెళ్లినవాళ్లు అందులో లేరు. మనవాళ్ల గురించి తెలుస్తుందని ఆశపడి తెరిస్తే బస్తీ, గోండా, ఫైజాబాద్ జిల్లాల పట్టికలు కనిపిస్తాయి. పుస్తకం లోపం కాదది, దాని పరిధి అంతే. పద్ధతి ఎలా ఉంటుందో చూడటానికి చదవండి. దక్షిణాది వలస గురించి కె.ఎల్. గిలియన్ 1962లో రాసిన 'ఫిజీస్ ఇండియన్ మైగ్రెంట్స్' పక్కన పెట్టుకోండి. అందులో రెండు రేవుల కథా ఉంటుంది.

బ్రిజ్ లాల్ వ్యాసాల సంపుటి 'చలో జహాజీ' 2000లో వచ్చింది. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ ప్రెస్ దాన్ని 2012లో మళ్లీ వేసి, పీడీఎఫ్ ఉచితంగా పెట్టింది. ఒక్క పుస్తకానికే సమయం ఉంటే నేను చెప్పేది ఇదే. తోటల్లో ఆడవాళ్ల బతుకు, ఆత్మహత్యలు, 1884లో నసిలై దిబ్బకు గుద్దుకుని మునిగిన సిరియా ఓడ, ఇలా ఒక్కో వ్యాసం విడిగా చదువుకోవచ్చు. ఫిజీ రాజధాని సువా నుంచి రేవా నది వైపు వెళ్లేవాళ్లు సిరియా వ్యాసం చదివే వెళ్లాలి. దగ్గరి ఈతౌకేయి పల్లెల వాళ్లు పడవలేసుకుని వచ్చి ప్రాణాలు కాపాడారు. అయినా 50 మందికి పైగా చనిపోయారు. ఆ తీరంలో నిలబడినప్పుడు ఇది తెలిసి ఉండటానికీ తెలియకపోవడానికీ చాలా తేడా ఉంది.

కూలీగా వెళ్లినవాడే చెప్పిన పుస్తకం కావాలంటే తోతారామ్ సనాఢ్య. 1893లో వెళ్లి 1914లో తిరిగొచ్చాడు. ఆయన ఫిజీలో గడిపిన 21 ఏళ్ల కథ హిందీలో అచ్చయి, గిర్మిట్ పద్ధతిని ఎత్తేయాలన్న ఉద్యమానికి ఊపిరి పోసింది. హిందీ చదవగలిగితే మూలమే చదవండి. ఇంగ్లీషు అనువాదం 1991లో సువాలో వచ్చింది. లైబ్రరీ క్యాటలాగులో దీన్ని వెతికేటప్పుడు హిందీ పేరులోని ద్వీప్ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒకచోట డబ్ల్యూతో, మరోచోట వీతో రాస్తారు. ఒక స్పెల్లింగుతో దొరక్కపోతే రెండోదానితో చూడాలి.

స్పెల్లింగుల సంగతి ఇంకొంచెం చెప్పాలి, వెతుకులాట ఎక్కువసార్లు బెడిసికొట్టేది ఇక్కడే. ఫిజియన్ లిపిలో బి అక్షరాన్ని 'మ్బ' అని, డి ని 'న్ద' అని, జి ని 'ఙ' అని, క్యూ ని 'ఙ్గ' అని, సి ని ఇంగ్లీషు 'దిస్'లోని టీహెచ్ శబ్దంలా పలుకుతారు. బోర్డు మీద నాడి అని కనిపించే ఊరు నాందీ. లబాసా అన్నది లంబాసా. మమనుకా దీవులు మమనుథా. తిప్పలెక్కడంటే, పాత పుస్తకాల్లో చాలావరకు పలికినట్టే రాశారు, ఇప్పటి మ్యాపులు ఫిజియన్ పద్ధతిలో రాస్తాయి. పీడీఎఫ్‌లో ఊరి పేరు వెతికి, లేదనుకుని వదిలేస్తాం. అదే ఊరు ఇంకో అక్షరం కింద పది చోట్ల ఉంటుంది. కాబట్టి ప్రతి ఊరికీ రెండు స్పెల్లింగులూ పక్కపక్కన రాసి పెట్టుకుంటాను. టోంగా, సమోవా పేర్లలో గొంతు నొక్కి ఆపే చోట కామా లాంటి గుర్తు పెడతారు. టోంగా రచయిత ఎపెలి హౌఓఫా పేరులో అది ఉంది. కొన్ని క్యాటలాగులు ఆ గుర్తు పెడితేనే చూపిస్తాయి, కొన్ని తీసేస్తేనే చూపిస్తాయి. రెండు రకాలుగానూ కొట్టి చూడాలి.

మన వైపు పేర్లకూ ఇదే పని. విశాఖపట్నాన్ని వైజాగపటం అని, కృష్ణాను కిస్ట్నా అని రాశారు. జిల్లాల సరిహద్దులు కూడా అప్పటివి. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది, అంతకుముందు అందులో ఎక్కువ భాగం కృష్ణా జిల్లా. చిత్తూరు జిల్లా 1911లో వచ్చింది, అంతకుముందు ఆ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు. శ్రీకాకుళం 1950 దాకా విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. ఉత్తర ఆర్కాటు అని కనబడగానే తమిళులని పక్కన పెడితే చిత్తూరు, తిరుపతి వైపు తెలుగువాళ్లు లెక్కలోంచి జారిపోతారు. పుస్తకాల్లో వీళ్లందరినీ కలిపి మద్రాసీలు అని రాయడం ఎక్కువ. దక్షిణాది సంఘాల గురించి చదివేటప్పుడు 1926లో ఏర్పడిన సంగం పేరు తరచూ వస్తుంది. దక్షిణాది వాళ్లందరి సంఘం అది. నాందీలోని సుబ్రహ్మణ్య స్వామి గుడి, చాలా బడులు దాని చేతిలోనే ఉన్నాయి. ఆంధ్రుల సంఘం దాన్నుంచి విడిగా ఉంది. రెండింటినీ కలిపేసిన పుస్తకాలున్నాయి, జాగ్రత్తగా చూడాలి. అక్కడి తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు ఇంటి మాట ఎక్కువగా ఫిజీ హిందీయే. పుస్తకాలు చదివి వెళ్లినవాళ్లు నాయుడు, రెడ్డి అన్న పేరు వినగానే తెలుగులో అందుకుని అవతలివాళ్లను ఇబ్బంది పెట్టరు.

ఫిజీ భారతీయుల మీద మాత్రమే చదివి దిగడం పెద్ద వెలితి. ఈతౌకేయి వైపు నుంచి అసెసేలా రవువు 1983లో రాసిన 'వకా ఈ తౌకేయి' తప్పకుండా ఒకటి ఉండాలి. పల్లె లోపలి మనిషి తన పల్లె మర్యాదలు చెప్పిన పుస్తకం. పల్లెకు వెళ్తే యంగోనా (కవా పానీయం చేసే మొక్క) వేర్ల కట్ట తీసుకెళ్లి పెద్దకు ఇచ్చే సేవుసేవు ఎందుకు చేస్తారో, ఊళ్లో టోపీ ఎందుకు తీయాలో గైడ్ పుస్తకాలూ చెప్తాయి. కానీ ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఏ మాట ఎవరు మొదలుపెట్టాలి అన్నది ఇలాంటి పుస్తకంలోనే తెలుస్తుంది. భూమి సంగతీ అంతే. దేశంలో 80 శాతానికి పైగా భూమి ఈతౌకేయి వంశాలది, అమ్మకానికి ఉండదు, లీజుకే ఇస్తారు. 1976 చట్టం మొత్తం 30 ఏళ్లకు పొడిగించిన చెరకు లీజులు 1997 నుంచి ముగియడం మొదలైంది. నాందీ నుంచి బా పట్టణం వైపు దారిలో పాడుబడ్డ ఇళ్లూ, గడ్డి మొలిచిన చెరకు చేలూ కనిపిస్తే వాటి వెనక ఈ తేదీలున్నాయి. రెండు వైపుల పుస్తకాలూ చదివినవాళ్లకు అందులో ఒక్కరినే దోషిగా నిలబెట్టడం కష్టమవుతుంది.

మొత్తం ప్రాంతానికి కలిపి ఏదైనా చదవాలంటే పుస్తకం కంటే ఒక వ్యాసం చాలు. హౌఓఫా 1993లో రాసిన 'అవర్ సీ ఆఫ్ ఐలాండ్స్'. టోంగా తల్లిదండ్రులకు పపువాలో పుట్టి, సువాలోని యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్‌లో పాఠాలు చెప్పినాయన. ఈ దీవులు చిన్నవి, పేదవి, ఏ సాయమూ లేకుండా బతకలేనివి అన్న చూపును ఆ వ్యాసం తలకిందులు చేస్తుంది. ఇక్కడివాళ్లకు సముద్రం అడ్డు కాదు, దారీ ఇల్లూ అదే అంటుంది. గంటలో అయిపోతుంది. ఆయనదే 'టేల్స్ ఆఫ్ ద టికోంగ్స్' వంద పేజీల్లోపు కథల పుస్తకం. టికో అనే కల్పిత దీవికి విదేశీ సాయం, నిపుణులు, సెమినార్లు వచ్చి పడితే ఏమవుతుందో చెప్తుంది. టోంగా రాజధాని నుకుఅలోఫాకు వెళ్లే విమానంలో చదవడానికి సరిగ్గా సరిపోతుంది.

సమోవాకు ఆల్బర్ట్ వెండ్ట్. 'లీవ్స్ ఆఫ్ ద బన్యన్ ట్రీ' 1979లో వచ్చిన మూడు తరాల నవల, పెద్దది, తీరిక ఉంటేనే పట్టుకోవాలి. 1973 నాటి 'సన్స్ ఫర్ ద రిటర్న్ హోమ్' చిన్నది. న్యూజీలాండ్‌లో పెరిగిన సమోవన్ కొడుకు, ఎప్పటికైనా ఊరికి తిరిగి వెళ్లాలనే తల్లిదండ్రులు. ఆక్లండ్‌లోనో సిడ్నీలోనో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్లు ఈ నవల చదివితే చాలా పేజీల్లో తమ ఇంటి మాటలే వినిపిస్తాయి. ఆడవాళ్ల వైపు నుంచి సియా ఫిగియెల్ 1996 నవల 'వేర్ వి వన్స్ బిలాంగ్డ్' ఉంది. అందులో హింస ఉంది, ముందే తెలుసుకుని తెరవండి.

పాత ప్రసిద్ధ పుస్తకాలను నేను వద్దనను, ఒంటరిగా మాత్రం చదవొద్దంటాను. అమెరికన్ మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ 1925-26లో తౌ దీవిలో ఉండి, 1928లో సమోవా అమ్మాయిల యవ్వనం, లైంగిక జీవితం మీద పుస్తకం వేసింది. డెరెక్ ఫ్రీమన్ 1983లో అదంతా తప్పని రాశాడు. ఫ్రీమన్ వాదనలోని లొసుగులను పాల్ షాంక్‌మన్ 2009లో బయటపెట్టాడు. మీడ్ ఒక్కదాన్నే చదివి సమోవాలో దిగితే, అక్కడి ఇళ్లలో ఇప్పటికీ నొప్పిగా ఉన్న విషయాన్ని పర్యాటక సమాచారంలా మాట్లాడతారు. అలాగే 'కోన్-టికి'. 1947లో పెరూ నుంచి తెప్ప మీద 101 రోజులు సాగిన ప్రయాణం, చదవడానికి చాలా బాగుంటుంది. కానీ పాలినేషియన్లు దక్షిణ అమెరికా నుంచి వచ్చారన్న దాని వాదన నిలబడలేదు. భాషలూ, కుండపెంకులూ, డీఎన్ఏ పడమటి నుంచి వచ్చారనే చెప్తున్నాయి. దాని పక్కన డేవిడ్ లూయిస్ 1972 పుస్తకం 'వి, ద నావిగేటర్స్' పెట్టుకోండి. దిక్సూచి లేకుండా నక్షత్రాలూ అలలూ చూసి పడవ నడిపేవాళ్లతో కలిసి ప్రయాణించి రాసింది. 1976లో సతవాల్ దీవికి చెందిన మౌ పియైలుగ్ హోకులేఆ పడవను హవాయి నుంచి తహితీకి అలాగే నడిపించాడు. 'ట్రెజర్ ఐలాండ్' రచయిత స్టీవెన్సన్ సమోవా రాజకీయాల మీద 1892లో రాసిన 'ఎ ఫుట్‌నోట్ టు హిస్టరీ' ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ సైట్‌లో ఉచితం. ఆపియా రేవులో 1889 తుపాను అధ్యాయం ఒక్కటి చదివినా చాలు.

గైడ్ పుస్తకం అన్నిటికన్నా చివర, అన్నిటికన్నా కొత్తది కొనాలి. సెకండ్ హ్యాండ్‌లో దొరికినదాని వయసు కట్టడానికి కొన్ని గుర్తులున్నాయి. జాతీయ విమాన సంస్థను ఎయిర్ పసిఫిక్ అంటే అది 2013కు ముందుది, తర్వాత పేరు ఫిజీ ఎయిర్‌వేస్. సమోవాలో కుడివైపు నడపాలని ఉంటే 2009 సెప్టెంబరుకు ముందుది. సమోవా తేదీ ఫిజీ కంటే ఒకరోజు వెనక అని ఉంటే 2011 ముగిసేలోపుది. ఆ ఏడు డిసెంబరు 30ని దాటవేసి సమోవా తేదీరేఖకు ఇవతలికి వచ్చింది. ఈ చివరిది ఊరికే పోయేది కాదు, దాన్ని నమ్మి టికెట్ బుక్ చేస్తే హోటల్ రాత్రి ఒకటి తప్పుతుంది. 2016 ఫిబ్రవరి విన్‌స్టన్ తుపాను, కరోనా మూసివేత, 2022 జనవరిలో టోంగా అగ్నిపర్వతం, వీటికి ముందటి పుస్తకాల్లోని బసలూ పడవల వేళలూ నమ్మకండి. చరిత్ర భాగం చదువుకోవచ్చు. టోంగాలో ఆదివారం దాదాపు అంతా మూసి ఉంటుందన్నది మాత్రం పాతబడలేదు, 1875 రాజ్యాంగంలోనే ఉందది.

రెండు మూడు వారాల ప్రయాణానికి హౌఓఫా వ్యాసం, ఒక చరిత్ర, ఒక పల్లె జీవితం పుస్తకం, దిగే ప్రతి దేశానికీ ఒక కథల పుస్తకమో నవలో, ఒక గైడ్ చాలు. మూడు నెలల ముందు మొదలుపెట్టాలి. రవువు పుస్తకం లాంటివి సువాలో కొద్ది ప్రతులే వేస్తారు, పాత పుస్తకాల వ్యాపారుల దగ్గర ఆర్డరు పెడితే ఇండియాకు చేరడానికి నెల దాటొచ్చు. ఆక్లండ్‌లో ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు, నగర లైబ్రరీల్లో పసిఫిక్ విభాగాలు చాలా బాగుంటాయి. చరిత్ర ముందు చదివి, కథలు ప్రయాణంలోకి ఉంచుకోవడం మంచిది. ఊళ్ల పేర్లు కళ్ల ముందు కనిపిస్తుంటే కథ నిలబడుతుంది.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఆరు అంగుళాల రీడర్‌లో చదవలేం, అక్షరాలు చీమల్లా ఉంటాయి. అంచులు క్రాప్ చేసి, అడ్డంగా తిప్పి, సగం పేజీ చొప్పున చూస్తే కుదురుతుంది. లేకపోతే టాబ్లెట్టే దారి. అన్నీ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి, విమానం మోడ్‌లో ఒకసారి తెరిచి చూసుకోండి, గంట చొప్పున అరువిచ్చే సైట్ల పుస్తకాలు చిన్న దీవుల్లో తెరుచుకోవు. కాగితం పుస్తకాలైతే జిప్ కవర్లో సిలికా పొట్లంతో పెట్టాలి. సువాలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వాన, హైదరాబాద్‌లో పడేదానికి మూడు రెట్ల పైమాటే. బయట వదిలిన అట్ట వారంలో వంగి, బూజు పడుతుంది. దీవుల మధ్య తిరిగే చిన్న విమానాల్లో సామాను పరిమితి తక్కువ, కాబట్టి బరువైన చరిత్ర ఇంట్లో చదివేసి నోట్సు మాత్రం తీసుకెళ్లండి. సువాలో యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్ వారి లౌథాలా క్యాంపస్ పుస్తకాల షాపుకూ, ఫిజీ మ్యూజియంకూ ఒక పూట కేటాయిస్తే, బయట ఎక్కడా దొరకని స్థానిక పుస్తకాలు చేతికొస్తాయి. తిరుగు ప్రయాణానికి పెట్టెలో మూడు కిలోల ఖాళీ ఉంచుకోండి.

ఇంట్లో ఎవరో ముత్తాత ఫిజీ వెళ్లాడన్న మాట ఉన్నవాళ్లు నోట్సులో ఇంకో పేజీ సిద్ధం చేసుకోవాలి. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా, అప్పటి జిల్లా, వెళ్లిన సంవత్సరం సుమారుగా. పేర్లను ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్నీ రాసుకోండి, రేవులో గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ఎమిగ్రేషన్ పాసులు సువాలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఓడ పేరూ సంవత్సరమూ తెలిస్తే పని చాలా తేలిక. మద్రాసు నుంచి వెళ్లినవాళ్లయితే 1903కు ముందటి ఓడల జాబితా చూడనక్కరలేదు.